ఒంటరి పరమాణువు, కర్బన పొర

(భిలాయి, వైశాలి నగర్‌లో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు భోజనాలకు ముందు అరగంట ఇచ్చారు. అది ఎంత ప్రమాదకరమైన అరగంటో మెస్‌లో లైన్లో నిలబడ్డ ప్రతి జవానుకూ తెలుసు. కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

నేను మాట్లాడబోయేది హైడ్రోజన్ పరమాణువు గురించి. మన చిన్నప్పటి పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఉదజని అనేవారు. సృష్టిలో అన్నిటికన్నా తేలికైన పరమాణువు. ఇది కర్బనాన్ని, అంటే కార్బన్‌ను, ఎలా తినేస్తుందో, ముఖ్యంగా పల్చని కర్బన పూతలను ఎలా అరగదీస్తుందో చెప్పాలని నా ప్రయత్నం. "ఇది కాలేజీ పిల్లల సబ్జెక్టు, మనకెందుకండీ?" అని కొందరికి అనిపించవచ్చు. రైలు పట్టా, యుద్ధనౌక ప్లేటు, టాంకు థర్మల్ సైట్, విమానం చక్రాల కాలుకు బిగించే బోల్టు, ఈ నాలుగింటి మంచీ చెడూ ఈ ఒక్క పరమాణువుతో ముడిపడి ఉన్నాయి. ఆ నాలుగింటిలో కనీసం ఒకదానితో పని చేయని వాళ్లు ఈ హాల్లో తక్కువ.

ఇంకో కారణం, మనం కూర్చున్న ఊరు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ గారు ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నెస్‌ను ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు బెడ్డింగు, ట్రంకు పెట్టె పట్టుకుని ఈ ఊరు చేరారు. వాళ్లు చేసిన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇనుములో కర్బనం ఎంత ఉండాలో అంతే ఉండేట్టు చూడడం. ఇనుములో కర్బనం నూటికి నాలుగు పాళ్లుంటే అది పోత ఇనుము, దెబ్బ తగిలితే పగులుతుంది. రైలు పట్టాలో నూటికి 0.6 నుంచి 0.8 పాళ్లుంటే గట్టి ఉక్కు. కర్బనం బొత్తిగా లేకపోతే మెత్తని ఇనుము. అంటే ఉక్కు బలమంతా ఆ చిటికెడు కర్బనంలోనే ఉంది. ఆ కర్బనాన్ని ఎత్తుకుపోయే దొంగ ఎవరో తెలుసుకోవడం ఉక్కు నగరంలో ఉన్నవాళ్లకు అవసరమే కదా.

జంట వేరు, ఒంటరి వేరు

మామూలు హైడ్రోజన్ వాయువులో పరమాణువులు రెండేసి చొప్పున చేతులు కలుపుకొని ఉంటాయి. దీన్ని అణువు అంటాం. ఆ జంట చాలా బుద్ధిమంతురాలు. గది ఉష్ణోగ్రతలో ఒక బొగ్గు ముక్కను హైడ్రోజన్ సిలిండర్లో ఏళ్ల తరబడి ఉంచినా దానికేమీ కాదు. ఎందుకంటే ఆ రెంటినీ విడదీయాలంటే ఒక్కో జంటకు సుమారు 4.5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. గది వేడిమిలో ఒక అణువుకు దొరికేది అందులో నూరో వంతు కూడా కాదు.

విడదీస్తే మాత్రం కథ మారుతుంది. ఒంటరి పరమాణువుకు ఒక చెయ్యి ఖాళీ. ఆ చెయ్యి దేన్నో ఒకదాన్ని పట్టుకునేదాకా ఊరుకోదు. ఈ సంగతిని మొదట పద్ధతిగా పట్టుకున్నది అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధకుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. 1912 ప్రాంతంలో ఆయన విద్యుద్దీపాల ఫిలమెంట్ల మీద పని చేస్తున్నారు. ఎర్రగా, తెల్లగా కాలుతున్న టంగ్‌స్టన్ తీగ దగ్గర హైడ్రోజన్ జంటలు విడిపోతున్నాయని గమనించారు. తర్వాత దాన్నే పనిముట్టుగా మార్చి, 1920లలో అటామిక్ హైడ్రోజన్ వెల్డింగ్ తెచ్చారు. విడిపోయిన పరమాణువులు లోహం మీదకు చేరి మళ్లీ జంట కట్టేటప్పుడు, విడదీయడానికి ఖర్చయిన శక్తినంతా వేడిగా వదిలేస్తాయి. మూడు వేల డిగ్రీలు దాటే వేడి అది. 1932లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

కాబట్టి మొదటి సూత్రం గుర్తు పెట్టుకోండి. హైడ్రోజన్ ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. అది జంటగా ఉందా, ఒంటరిగా ఉందా అన్నది మిగతా సగం.

పొర ఎలా అరుగుతుంది?

ఇప్పుడు ఒక కర్బన పొరను ఊహించుకోండి. కర్బనం నాలుగు చేతుల మనిషి. వజ్రంలో నాలుగు చేతులూ నలుగురు పొరుగువాళ్లను పట్టుకుని ఉంటాయి, అందుకే అది అంత గట్టిది. గ్రాఫైట్‌లో ముగ్గురినే పట్టుకుంటుంది, నాలుగో చెయ్యి వదులుగా ఉంటుంది. మనం పూసే పల్చని పొరల్లో ఈ రెండు రకాలూ కలిసి ఉంటాయి.

హైడ్రోజన్ పరమాణువు వచ్చి ముందుగా ఆ వదులు చేతిని పట్టుకుంటుంది. అంతవరకు కర్బనం ఇంకా గోడలోనే ఉంది. రెండోది వస్తుంది, మూడోది వస్తుంది. ఒక్కొక్కటి చేరే కొద్దీ ఆ కర్బనానికి పొరుగువాళ్లతో బంధాలు తగ్గి, హైడ్రోజన్‌తో బంధాలు పెరుగుతాయి. చివరికి మూడు హైడ్రోజన్లను మోస్తూ ఒక్క చేత్తో గోడను పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. దీన్ని మిథైల్ గుంపు అంటాం. అప్పుడు మరో హైడ్రోజన్ పరమాణువు వచ్చి, దాని పక్కనున్న కర్బనం దగ్గరి హైడ్రోజన్‌ను లాక్కుని జంటగా ఎగిరిపోతుంది. ఆ పక్క కర్బనానికి చెయ్యి ఖాళీ అవుతుంది. తగినంత వేడి ఉంటే, అక్కడి బంధాలు సర్దుకునే హడావుడిలో వేలాడుతున్న మిథైల్ పట్టు తప్పి గాలిలో కలిసిపోతుంది. గోడలో ఒక ఇటుక పోయింది. ఇదే అరుగుదల.

ఇందులో వేడిమి పాత్ర విచిత్రమైనది. చల్లగా ఉంటే హైడ్రోజన్ వచ్చి అంటుకుంటుంది గాని, మిథైల్ ఊడదు. అరుగుదల బహు స్వల్పం. వేడి పెరిగే కొద్దీ అరుగుదల పెరుగుతుంది. మరీ ఎక్కువ వేడి చేస్తే మళ్లీ తగ్గుతుంది, ఎందుకంటే హైడ్రోజన్ అంటుకుని నిలవకుండానే తిరిగి వెళ్లిపోతుంది. మధ్యలో, సుమారు 300 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ మధ్య, అరుగుదల శిఖరానికి చేరుతుంది. వచ్చే పరమాణువు వేగం, పొర రకం బట్టి ఆ శిఖరం అటూ ఇటూ జరుగుతుంది. "వేడి ఎక్కువైతే ప్రమాదం ఎక్కువ" అన్న మామూలు లెక్క ఇక్కడ పని చేయదన్నమాట.

మన వాళ్లకు బాగా నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. జర్మనీలో మ్యూనిక్ దగ్గర గార్చింగ్‌లో మాక్స్ ప్లాంక్ ప్లాస్మా భౌతికశాస్త్ర సంస్థ ఉంది. 2000ల మొదట్లో అక్కడి పరిశోధకులు కర్బన పొర మీదకు మూడు విధాలుగా దాడి చేయించి చూశారు. ఒకటి, ఒంటరి హైడ్రోజన్ మాత్రమే. రెండు, వేగంగా దూసుకొచ్చే ఆర్గాన్ అయాన్లు మాత్రమే. మూడు, రెండూ ఒకేసారి. విడివిడిగా రెండూ చేసిన నష్టాన్ని కూడితే వచ్చే దానికన్నా, కలిసి చేసిన నష్టం ఎన్నో రెట్లు ఎక్కువగా తేలింది. అయాన్లు బంధాలు తెంపుతాయి. తెగిన చోట మళ్లీ అతుక్కోకుండా హైడ్రోజన్ వచ్చి కూర్చుంటుంది. ఆర్టిలరీ గుల్ల చేసిన చోటికి ఇన్‌ఫాంట్రీ దూరడం లాంటిదే. వట్టి ఫిరంగులతో నేల చేతికి రాదు, వట్టి కాల్బలంతో బంకర్ పగలదు. రెండూ ఒక టైమ్‌టేబుల్ మీద నడిస్తేనే పోస్టు చేతికొస్తుంది. పరమాణువులకు ఆ టైమ్‌టేబుల్ ఎవరూ రాసివ్వలేదు, అయినా పని మాత్రం అలాగే జరుగుతుంది.

టాంకు కంటికి పూసిన కాటుక

ఆర్మర్డ్ కోర్‌లో చేసినవాళ్లు థర్మల్ సైట్ ముందున్న అద్దాన్ని చూసే ఉంటారు. అది మామూలు గాజు కాదు. మనిషి ఒంటి వేడిని, ఇంజను వేడిని మోసుకొచ్చే కిరణాలు, అంటే 8 నుంచి 12 మైక్రాన్ల తరంగాలు, గాజులోంచి రావు. అందుకని జర్మేనియం అనే మూలకంతో కటకం చేస్తారు. దానితో ఒక చిక్కుంది. దాని వక్రీభవన గుణకం సుమారు 4. పూత లేకపోతే ఒక్కో ముఖం మీద పడిన కిరణాల్లో నూటికి 36 పాళ్లు వెనక్కి తిరిగిపోతాయి. పైగా ఇసుక గాలికి గీతలు పడుతుంది.

ఈ రెండు చిక్కులకూ ఒకే మందు డైమండ్ లైక్ కార్బన్, పొట్టిగా డీఎల్‌సీ. వజ్రం కాదు గాని వజ్రం లాంటి గట్టిదనం ఉన్న కర్బన పూత. దీని గుణకం సుమారు 2. రెండును రెండుతో గుణిస్తే నాలుగు కదా, వెనక్కి పోయే కిరణాన్ని ఆపడానికి సరిగ్గా అలాంటి పూతే కావాలి. మందం ఎంత? పది మైక్రాన్ల తరంగానికి లెక్క కడితే మైక్రాన్నర లోపే, సుమారు 1.25 మైక్రాన్లు. మన తల వెంట్రుకలో యాభయ్యో వంతు. రాజస్థాన్ ఇసుకలో మన జవాను కంటికి రక్షణ అంతే మందం.

ఈ పూత ఎలా వేస్తారు? గాలి తీసేసిన చాంబర్లో మిథేన్‌నో ఎసిటిలీన్‌నో కొద్దిగా పంపి, విద్యుత్తుతో ప్లాస్మా వెలిగిస్తారు. వాయువు ముక్కలై కర్బనం కటకం మీద పేరుకుంటుంది. అయితే మిథేన్ ముక్కలైతే కర్బనంతో పాటు వచ్చేది ఏమిటి? ఒంటరి హైడ్రోజనే! అంటే ఒకే పొయ్యిలో గోడ కట్టే మేస్త్రీ, గోడ తవ్వే దొంగ కలిసి పని చేస్తుంటారు. కట్టే వేగంలోంచి తవ్వే వేగం తీసేస్తే మిగిలిందే మనకు దక్కే పూత. కటకం కాస్త ఎక్కువ వేడెక్కిందా, తవ్వేవాడిది పైచెయ్యి అవుతుంది, పొర ఎదగదు. పూర్తిగా పనికొచ్చే పూతలో కూడా నూటికి 20 నుంచి 40 పరమాణువులు హైడ్రోజనే ఉంటుంది. కొంత ఉంటే మంచిదే, కిరణాలను బాగా పోనిస్తుంది. మరీ ఎక్కువైతే పూత మెత్తబడి ప్లాస్టిక్ లాగా తయారవుతుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బోర్డర్లో ఉన్న సైట్ మీదకు ఒంటరి హైడ్రోజన్ రాదు. అక్కడ శత్రువు ఇసుకా, మనం పొడిగుడ్డతో రుద్దే అలవాటూ. ఇసుక మీద పొడిగుడ్డ రుద్దితే ఉప్పు కాగితం రుద్దినట్టే. ముందు ఊది, కడిగి, ఆ తర్వాతే తుడవాలి. హైడ్రోజన్ ప్రతాపమంతా పూత పుట్టేచోట, వర్క్‌షాపులోనే. పాత పూత పాడైతే దాన్ని తీసేయడానికీ ఆక్సిజన్ లేదా హైడ్రోజన్ ప్లాస్మానే వాడతారు. కింది జర్మేనియానికి గీత పడకుండా కర్బనం మాత్రమే ఊడి వస్తుంది.

దొంగనే కాపలా పెట్టిన కథ

మనది వజ్రాల దేశం. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు, గోల్కొండ పేరుతో ప్రపంచమంతా తిరిగిన వజ్రాలు మన తెలుగు నేలవే. ఇప్పుడు వజ్రాన్ని పెట్టెలో పెంచుతున్నారు. ఆ పెంపకంలో అసలు కిటుకు మనం చెప్పుకుంటున్న అరుగుదలే.

కర్బన వాయువు నుంచి వజ్రం పెంచాలని 1950ల నుంచి ప్రయత్నాలు జరిగాయి. ఎంత చేసినా వజ్రంతో పాటు గ్రాఫైట్ కూడా పేరుకుని పని చెడగొట్టేది. అమెరికాలో జాన్ ఆంగస్, సోవియట్ యూనియన్‌లో దెర్యాగిన్, ఫెదొసేయెవ్, స్పిట్సిన్ బృందం, తర్వాత 1980ల మొదట్లో జపాన్ శాస్త్రవేత్తలు కలిసి తేల్చిన సత్యం ఇది. ఒంటరి హైడ్రోజన్ గ్రాఫైట్‌ను గబగబా తింటుంది, వజ్రాన్ని చాలా నెమ్మదిగా తింటుంది. వజ్రంలో వదులు చేతులు లేవు కదా. అయితే ఇంకేం, పొయ్యి నిండా ఒంటరి హైడ్రోజన్ నింపితే గ్రాఫైట్ ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది, వజ్రం మిగులుతుంది! అందుకే ఈ పద్ధతిలో వాయువులో మిథేన్ నూటికి ఒకటి రెండు పాళ్లే, మిగతాదంతా హైడ్రోజన్. జంటలను విడదీయడానికి రెండు వేల డిగ్రీలకు కాలే తీగనో, మైక్రోవేవ్‌నో వాడతారు. ఆ మైక్రోవేవ్ తరచు మన వంటింటి ఓవెన్ వాడే 2.45 గిగాహెర్ట్జ్ తరంగమే.

2023 కేంద్ర బడ్జెట్‌లో పెంచిన వజ్రాల పరిశోధనకు ఒక ఐఐటీకి గ్రాంటు ప్రకటించారు. మద్రాసు ఐఐటీలో ఐదేళ్లకు సుమారు 243 కోట్ల రూపాయలతో కేంద్రం పెట్టారు. నగల కోసమే అనుకోకండి. వేడిని రాగి కన్నా ఎన్నో రెట్లు బాగా లాగే వజ్రపు పలక రాడార్ ట్రాన్సిస్టర్ల కింద పరుపు అవుతుంది. క్షిపణి ముందు భాగంలో కిటికీ అవుతుంది.

సూర్యుణ్ణి పట్టే పెట్టెలో

ఇక్కడ ఓడిపోయిన కథ కూడా చెప్పుకోవాలి. హైడ్రోజన్‌ను కలిపి శక్తి తీసే ఫ్యూజన్ యంత్రాల్లో, టోకమాక్ అంటారు, లోపలి గోడలకు చాలాకాలం కర్బనపు పలకలు వాడారు. మన దేశంలో గాంధీనగర్ దగ్గర ప్లాస్మా రిసెర్చ్ సంస్థలో 1989లో మొదలైన ఆదిత్య యంత్రంలోనూ గ్రాఫైట్ వాడారు. కర్బనం కరగదు, ఎంత వేడినైనా ఓర్చుకుంటుంది, కాస్త ఊడి ప్లాస్మాలో పడినా తేలిక పరమాణువు కాబట్టి ప్లాస్మాను ఎక్కువ చల్లార్చదు. అన్నీ మంచి గుణాలే. కాని ఆ పెట్టెలో ఉన్నదంతా హైడ్రోజన్, దాని అన్నదమ్ములు డ్యూటీరియం, ట్రిటియం. గోడను తినే దొంగల మధ్యే గోడ కట్టినట్టయింది.

అరగడం ఒక్కటే అయితే పలకలు మార్చుకోవచ్చు. ఊడిన కర్బనం ఊరికే పోదు. హైడ్రోజన్‌ను వెంటేసుకుని చల్లని మూలలకు వెళ్లి అక్కడ మళ్లీ పొరగా పేరుకుంటుంది. ట్రిటియం రేడియోధార్మికమైనది, అర్ధాయుష్షు 12.3 సంవత్సరాలు, దొరకడం కష్టం, ఖరీదు ఎక్కువ. ఇంగ్లండులోని జెట్ యంత్రంలో 1997లో చేసిన ప్రయోగాల్లో సుమారు 35 గ్రాముల ట్రిటియం పంపితే, ప్రయోగాల చివరికి దాదాపు మూడో వంతు లోపలే ఉండిపోయింది. శుభ్రం చేశాక కూడా కొన్ని గ్రాములు మిగిలింది. ఇలా అయితే పెద్ద యంత్రం నడవదని అర్థమైపోయింది. జెట్ తన కర్బన గోడను తీసి, బెరీలియం, టంగ్‌స్టన్ గోడతో 2011లో మళ్లీ మొదలైంది. 2023 డిసెంబరులో దాని పని ముగిసింది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ యంత్రంలో మన దేశం 2005 నుంచి భాగస్వామి. అక్కడ కూడా ఎక్కువ వేడి తగిలే భాగానికి కర్బనం వద్దు, మొదటి నుంచీ టంగ్‌స్టనే పెడదాం అని 2013లో నిర్ణయించారు. కర్బనం చెడ్డది కాదు. శత్రువు ఎవరో తెలిశాక సిపాయిని ఆ పోస్టు నుంచి మార్చారు, అంతే.

ఉక్కు లోపలి కర్బనం

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. పొర మీద జరిగే ఈ దొంగతనమే ఉక్కు లోపల కూడా జరుగుతుంది. 1911లో జర్మనీలో కార్ల్ బాష్ అమ్మోనియా తయారీకి ఎక్కువ పీడనంలో, ఎక్కువ వేడిలో హైడ్రోజన్‌ను ఉక్కు గొట్టాల్లో పంపారు. దాదాపు 80 గంటలకు గొట్టాలు పగిలాయి. కోసి చూస్తే ఉక్కులో కర్బనం లేదు! వేడి ఉక్కు ఉపరితలం మీద హైడ్రోజన్ జంటలు విడిపోయి, ఒక్కో పరమాణువుగా లోపలికి దూరి, కర్బనాన్ని మిథేన్‌గా మార్చాయి. మిథేన్ పెద్ద అణువు, బయటికి రాలేదు. లోపల పీడనం పెంచి ఉక్కును చీల్చింది. బాష్ ఉపాయం చూడండి. లోపల కర్బనం లేని మెత్తని ఇనుప తొడుగు వేశారు, తినడానికి అక్కడేమీ లేదు. తొడుగు దాటి వచ్చిన హైడ్రోజన్ పోగుపడకుండా బయటి బలమైన ఉక్కు కవచానికి చిన్న చిన్న రంధ్రాలు పెట్టారు. శత్రువును ఆపలేనప్పుడు, వాడు ఆగకుండా బయటికి పోయే దారి ఇచ్చారు.

దీని మీద 1949లో జార్జ్ నెల్సన్ గీసిన గీతలను నేటికీ రిఫైనరీల్లో వాడుతున్నారు. ఏ ఉక్కు, ఎంత వేడి, ఎంత హైడ్రోజన్ పీడనం వరకు భద్రం అన్నది ఆ గీతలు చెబుతాయి. కాని గీత ఉంది కదా అని నిద్రపోకూడదు. 2010 ఏప్రిల్ 2న అమెరికాలో అనకోర్టెస్ రిఫైనరీలో 1970ల నాటి కర్బన ఉక్కు హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలి ఏడుగురు చనిపోయారు. విచారణలో, ఆ పరికరం గీత ప్రకారం భద్రమన్న చోటే హైడ్రోజన్ దెబ్బ తిన్నదని తేలింది. ఆ తర్వాత గీతనే సవరించారు.

రైలు పట్టాల విషయంలో హైడ్రోజన్ చేసే కీడు కొంచెం వేరు. ఇక్కడ కర్బనంతో పని లేదు. కరిగిన ఉక్కులో తేమ వల్ల చేరిన హైడ్రోజన్, ఉక్కు గడ్డకట్టాక అందులో ఇమడలేక, సన్నని సందుల్లో చేరి మళ్లీ జంట కట్టి, వెంట్రుక లాంటి చీలికలు చేస్తుంది. వీటిని ఫ్లేక్స్ అంటారు. పైకి పట్టా నున్నగా ఉంటుంది. లోపలి చీలిక వేల చక్రాలు దొర్లాక పెరిగి ఒక రోజు విరుగుతుంది. అందుకే మన రైల్వే ప్రమాణం ప్రకారం ద్రవ ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల్లో 1.6 పాళ్లు మించకూడదు. అంటే ఒక టన్ను ఉక్కులో 1.6 గ్రాములు. చెంచాడు చక్కెర బరువు కూడా కాదు. మన ప్లాంటులో పట్టాల ఉక్కును వాక్యూమ్ డీగ్యాసింగ్ గుండా పంపేది ఇందుకే. గాలి తీసేసిన పాత్రలోకి ఉక్కును పీల్చి తిప్పితే లోపలి హైడ్రోజన్ జంటకట్టి బయటికి పోతుంది. ఈ హాల్లో ఆ షాపులో చెమట కార్చిన అన్నలు ఉన్నారు, వాళ్లకు నేను చెప్పేదేముంది!

నౌకాదళం తమ్ముళ్ల కోసం ఇంకొక్కటి. 2022 సెప్టెంబరు 2న సేవలో చేరిన ఐఎన్‌ఎస్ విక్రాంత్‌కు సుమారు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కును సెయిల్ ఇచ్చింది. బొకారో, రూర్కెలాతో పాటు మన భిలాయి ప్లాంటుకూ అందులో భాగముంది. ఆ ఉక్కు రకాన్ని రూపొందించినది హైదరాబాదులోని డీఎంఆర్ఎల్. తెలుగు గడ్డ మీద పుట్టిన వంటకం ఈ ఊరి పొయ్యి మీద కూడా వండారన్నమాట. అంత మంచి ప్లేటునైనా తడి ఎలక్ట్రోడ్‌తో వెల్డ్ చేస్తే ఏమవుతుంది? ఆ తేమ ఆర్క్‌లో విడిపోయి ఒంటరి హైడ్రోజన్ అతుకులోకి దూరుతుంది. గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు, అతుకు పక్కన సన్నని పగులు కనపడుతుంది. అందుకే లో హైడ్రోజన్ రాడ్లను ఓవెన్లో వేడి చేసి, వేడి డబ్బాలో పెట్టుకుని తీసుకెళ్లమని సూపర్‌వైజర్ మొత్తుకునేది.

సంతకం విలువ

ఇక చివరి సంగతి, నా సొంత అనుభవంలోంచి. సర్వీసులో విమానాల వర్క్‌షాపులో చేసి బయటికి వచ్చాక, కొన్నాళ్లు నాణ్యత తనిఖీ పని చేశాను. ఒక చిన్న ప్లేటింగ్ యూనిట్ నుంచి గట్టి ఉక్కు బోల్టులు వచ్చాయి. మెరుపు బాగుంది, కొలతలు బాగున్నాయి, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. పరీక్ష కోసం కొన్నిటిని బిగించి రాత్రంతా వదిలేశాం. పొద్దున వచ్చి చూస్తే రెండు బోల్టుల తలలు నేల మీద ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు, ఏ బరువూ అదనంగా వేయలేదు.

కారణం మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. ప్లేటింగ్ తొట్టెలో లోహంతో పాటు హైడ్రోజన్ పరమాణువులు కూడా బోల్టు మీద పుడతాయి, కొన్ని లోపలికి దూరతాయి. బిగింపు ఎక్కువగా ఉన్న చోటికి నెమ్మదిగా నడిచి వెళ్లి అక్కడ ఉక్కును పెళుసు చేస్తాయి. వాటిని తరిమే మందు చాలా చౌక. ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపు ఓవెన్లో పెట్టి, సుమారు 190 డిగ్రీల దగ్గర, ఉక్కు బలాన్ని బట్టి మూడు గంటల నుంచి ఒక రోజు దాకా ఉంచాలి. కరెంటు ఖర్చు మిగుల్చుకోవడానికి అక్కడ ఆ పని మానేశారు, రిజిస్టర్లో మాత్రం బేకింగ్ అయినట్టు సంతకం ఉంది. మేము మొత్తం లాట్ తిప్పి పంపాం. ఆ బోల్టులు ఆ రాత్రి బల్ల మీద విరిగాయి కాబట్టి సరిపోయింది. గాలిలో ఉన్న విమానం కింద విరిగితే, కింద ఉండేది మన తమ్ముడో, మన కొడుకో.

మిత్రులారా, ఈ హాల్లో ఉన్న చాలామంది రిటైరయ్యాక స్టోర్సులోనో, ఇన్‌స్పెక్షన్లోనో, చిన్న పరిశ్రమల్లోనో రెండో ఉద్యోగం చేస్తున్నారు. ఈ చుట్టుపక్కల అలాంటి యూనిట్లు ఎన్నో ఉన్నాయి. "ఫౌజీ సంతకం" అంటే నమ్మి తీసుకునే కొనుగోలుదారులున్నారు. మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఓవెన్ చార్టు చూడకుండా బేకింగ్ కాగితం మీద సంతకం పెట్టకండి. ఎన్ని గంటలకు తొట్టెలోంచి తీశారు, ఎన్ని గంటలకు ఓవెన్లో పెట్టారు, ఎంత వేడిమి, ఎంతసేపు, ఈ నాలుగూ అడగండి. యజమానికి కోపం వస్తే రానివ్వండి. హైడ్రోజన్ కంటికి కనపడదు, ఎక్స్‌రేలో దొరకదు, వాసన లేదు. అది లోపల ఉందో పోయిందో చెప్పే సాక్ష్యం ఆ చార్టు ఒక్కటే.

సైన్సు చదువుతున్న మన పిల్లలకు కూడా ఒక మాట. కర్బన పొరలు, వజ్రపు పూతలు, ఫ్యూజన్ గోడలు, వీటి మీద మన దేశంలో పని జరుగుతోంది, పని చేసేవాళ్లు ఇంకా కావాలి. ఈ ఊళ్లో మీ తాతలు ఉక్కులో కర్బనం లెక్క చూశారు. మీరు అదే లెక్క ఒక్కో పరమాణువు స్థాయిలో చూడగలరు. సందేహాలుంటే భోజనాల దగ్గర అడగండి, విస్తరి ముందు కూర్చుని చెప్పడం నాకు మరీ ఇష్టం.

 జై హింద్.